బొగ్గుబాయి కింది వాగు: నీళ్లు బాగున్నాయో లేదో ఎక్కడ నిలబడి తేల్చాలి?

బొగ్గు తవ్వే ప్రాంతంలో "వాగు నీళ్లు బాగున్నాయా?" అని అడిగితే రెండు జవాబులు వస్తాయి. కాగితాలు "పరిమితుల్లోనే ఉన్నాయి" అంటాయి. వాగు ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్లు, గొడ్లను తోలుకొచ్చే పిల్లలు, గాలమేసే ముసలివాళ్లు "ఇవి మునుపటి నీళ్లు కావు" అంటారు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోనక్కర్లేదు. చాలాసార్లు రెండు మాటలూ నిజమే. కాగితం చూసిన చోటు వేరు, కాలం వేరు, పోల్చిన కొలత వేరు. ఊరివాళ్లు చూస్తున్న చోటు, కాలం, అవసరం వేరు.

ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. నీటి పరీక్ష అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. ఇప్పటిదాకా ఆ ప్రశ్నను ఎక్కువగా గని నీళ్లు బయటికొచ్చే గొట్టం దగ్గర అడుగుతున్నారు. దాన్ని వాడ రేవు దగ్గర అడగాలి. అందుకు కావాల్సిన శాస్త్రం, పద్ధతి, చట్టం ఇక్కడ ఒకచోట పెడుతున్నాం. ఉదాహరణలు సింగరేణి ప్రాంతానివే అయినా పద్ధతి ఏ బొగ్గు ప్రాంతానికైనా పనికొస్తుంది.

ఏ నీళ్లు, ఎవరి నీళ్లు

నేల మీద కనిపించే నీళ్లన్నీ ఉపరితల జలాలే. నది, వాగు, ఒర్రె, చెరువు, కుంట, కాలువ అన్నీ ఇందులోకే వస్తాయి. తెలంగాణ బొగ్గంతా గోదావరి లోయలోనే ఉంది. ఇల్లందు దగ్గర 1889లో తవ్వకం మొదలైంది. ఇవాళ కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల్లో సింగరేణి కాలరీస్ గనులున్నాయి. ఆ కంపెనీలో రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం వాటా. అంటే ఇక్కడ గని యజమానీ ప్రభుత్వమే, నీటిని కాపాడాల్సిందీ ప్రభుత్వమే. కొత్తగూడెం పక్కన ముర్రేడు, పాల్వంచ వైపు కిన్నెరసాని, మంచిర్యాలలో రాళ్లవాగు, భూపాలపల్లి వైపు మోరంచవాగు, ఇంకా పేరు లేని ఒర్రెలెన్నో ఈ బొగ్గు నేల మీదుగానే పారి చివరికి గోదావరికి చేరతాయి.

ఈ నీళ్లను ఎవరు ఎక్కువగా వాడతారన్నది కులంతో ముడిపడిన విషయం. వాడ ఊరి చివర ఉంటుంది, చాలాచోట్ల పల్లం వైపే ఉంటుంది. వాగు పక్క అసైన్డ్ చెక్క, చెరువు శిఖం అంచున సాగు, గొడ్లు, చేపలు, బట్టలు, స్నానం... సొంత బోరూ బావీ లేని ఇంటికి ఇవన్నీ వాగుతోనే నడుస్తాయి. చెరువు తూము తీసి ఊరి పొలాలకు నీళ్లు పంచిన నీరటివాళ్లు చాలా ఊళ్లలో దళితులే. నీళ్ల రంగు, వాసన, మట్టం ఎప్పుడెలా మారతాయో తరతరాలుగా తెలిసినవాళ్లు వాళ్లు.

"మీకు మిషన్ భగీరథ నల్లా ఉంది కదా, వాగు గొడవ ఎందుకు?" అనే మాట అధికారుల నోట తరచూ వస్తుంది. నల్లా తాగడానికి. గొడ్డు నల్లా దగ్గర తాగదు, మడి నల్లాతో తడవదు, చేప నల్లాలో పెరగదు. నల్లా రాని రోజున వాగులో చెలిమె తోడుకునేదీ ఆ ఇళ్లవాళ్లే.

నీళ్లు పాడయ్యాయని చెప్పే హక్కు ఎవరిదన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో దళితులు చవదార్ చెరువు నీళ్లు తాగారు. అది నీటిని ముట్టే హక్కు కోసం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన దాడికి ముందు జరిగింది, తాము తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడగొద్దని మాదిగలు అడ్డుచెప్పడం. అది నీటిని శుభ్రంగా ఉంచుకునే హక్కు కోసం. బొగ్గు ప్రాంతంలో వాగు నీటి పరీక్ష ఈ రెండో హక్కుకు కొనసాగింపు.

బొగ్గు తవ్వితే వాగులో ఏం మారుతుంది

మొదటిది గని నీళ్లు. భూగర్భ గనిలోకైనా ఓపెన్‌కాస్ట్ గుంతలోకైనా నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వాటిని తోడి బయటికి పంపకపోతే పని నడవదు. బొగ్గులోనూ దాని చుట్టూ ఉన్న రాళ్లలోనూ పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. గాలి, నీళ్లు తగిలితే అది ఆమ్లంగా, సల్ఫేట్‌గా, ఇనుముగా విడిపోతుంది. మేఘాలయలోని జైంతియా కొండల్లో బొగ్గులో గంధకం ఎక్కువ. అక్కడి వాగులు ఆమ్లంగా మారి, అడుగు ఎర్రబడి, చేపలు లేకుండా పోయాయి. 2014 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడి ఎలుకబొరియ గనులను ఆపడానికి ఈ కాలుష్యం కూడా ఒక కారణం.

గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. పుట్టిన కాస్త ఆమ్లాన్ని రాళ్లలోని సున్నపు ఖనిజాలు చాలావరకు విరిచేస్తాయి. కాబట్టి ఇక్కడి గని నీళ్లు సాధారణంగా పుల్లగా ఉండవు. పీహెచ్ ఏడు, ఎనిమిది దగ్గర మామూలుగానే కనిపిస్తుంది. కానీ ఆమ్లం విరిగిపోయినా సల్ఫేట్ పోదు, విరవడంలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం పోవు. అవి నీటిలోనే ఉండి కఠినత్వాన్ని, కరిగిన లవణాలను పెంచుతాయి. పీహెచ్ ఒక్కటే చూసి "నీళ్లు బాగున్నాయి" అనే నివేదిక ఇక్కడ అసలు సమస్యను దాటేస్తుంది.

రెండోది పైమట్టి. ఇవాళ సింగరేణి బొగ్గులో అధిక భాగం ఓపెన్‌కాస్ట్‌ల నుంచే వస్తోంది. బొగ్గు మీదున్న మట్టిని, రాళ్లను తీసి గుట్టలుగా పోస్తారు. జనం ఓబీ గుట్టలనేది వీటినే. వానొస్తే ఆ మట్టి కరిగి ఒర్రెల్లోకి, చెరువుల్లోకి దిగుతుంది. గుట్ట కింద గోడ, చుట్టూ కాలువ, మట్టి పేరుకునే గుంతలు ఉండాలని అనుమతుల్లో రాస్తారు. ఆ గుంతల పూడిక ఎప్పటికప్పుడు తీయకపోతే పెద్దవానకు అవి ఉన్నా లేనట్టే.

మూడోది బొగ్గు పొడి. బొగ్గు పగలగొట్టి రైలుకెత్తే ప్లాంట్లు, లారీ రోడ్లు, కడిగే వాషరీల నుంచి నల్లటి సన్నపొడి వాగు అడుగున పేరుకుంటుంది. నాలుగోది వర్క్‌షాపుల నుంచి వచ్చే నూనె, గ్రీజు. ఐదోది పేలుడు మందు. అందులో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది కాబట్టి పేలకుండా మిగిలింది నీటిలో నైట్రేట్‌గా, అమ్మోనియాగా తేలుతుంది.

వీటికి పక్కనే ఉన్నవి రెండున్నాయి. బొగ్గు కరెంటు కేంద్రాల బూడిద చెరువుల నుంచి బోరాన్, ఆర్సెనిక్ లాంటివి ఊరవచ్చు. కాలనీల మురుగు నుంచి సేంద్రియ మలినం, క్రిములు వస్తాయి. పరీక్షలో వీటిని వేరుచేసి చూడాలి. సల్ఫేట్, కఠినత్వం పెరిగితే గని వైపు, బోరాన్ పెరిగితే బూడిద వైపు, కోలిఫాం క్రిములు, బీఓడీ పెరిగితే మురుగు వైపు అనుమానం పోతుంది. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పలేం గానీ, వాగులో పై నుంచి కిందికి వరుసగా కొలిస్తే ఏది ఎక్కడ కలిసిందో తెలుస్తుంది.

వాడకు తెలిసిన గుర్తులు

పరికరం చేతికి రాకముందే చాలా సంగతులు కంటికి, చేతికి తెలుస్తాయి. వాటిని తేదీతో సహా రాసిపెట్టుకుంటే అవే మొదటి రికార్డు.

పప్పు ఎంతసేపటికీ ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెకు తెల్లటి పొర కడుతుంది: నీటిలో కఠినత్వం పెరిగింది. రాళ్ల మీద, గట్టు మీద తుప్పు రంగు మడ్డి: ఇనుము. వాన పడ్డాక రోజుల తరబడి నీళ్లు తేటపడవు: పైమట్టి. అడుగు బురద నల్లగా, నలిపితే వేళ్లకు మసిలా అంటుకుంటుంది: బొగ్గు పొడి కావచ్చు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి: ఆక్సిజన్ తగ్గింది. గొడ్లు కొత్తగా పారుకుంటున్నాయి: సల్ఫేట్ ఎక్కువైతే అలా జరుగుతుంది, వేరే జబ్బులూ ఉండొచ్చు కాబట్టి పశువైద్యుడితో రాయించుకోవాలి.

నీళ్ల మీద రంగురంగుల పొర కనిపిస్తే పుల్లతో కదిపి చూడాలి. పెంకుల్లా విరిగి విడివిడిగా ఉండిపోతే అది ఇనుము తినే సూక్ష్మజీవుల పొర. విడిపోయి మళ్లీ కలుసుకుంటే నూనె. ఈ తేడా తెలియక చేసిన ఫిర్యాదును కొట్టిపారేయడం సులువు.

ఎక్కడ పట్టాలి, ఎప్పుడు పట్టాలి

నమూనా ఒక్క చోట పడితే లాభం లేదు. కనీసం నాలుగు చోట్లు కావాలి. ఒకటి, గని నీళ్లు కలవకముందు వాగు ఎగువన. రెండు, గని నీళ్లు బయటికొచ్చే చోట, వాగులో పడకముందే. మూడు, రెండు నీళ్లూ పూర్తిగా కలిసిన దిగువన. నాలుగు, మనుషులు, గొడ్లు దిగే రేవు, చెరువు తూము లేదా చెలిమె. నాలుగోది చాలా నివేదికల్లో కనిపించదు. మనకు ముఖ్యమైనది అదే.

ఎగువ పాయింటు విషయంలో ఒక మోసం జరిగే అవకాశముంది. గనులు వరుసగా ఉన్న చోట ఒక గనికి ఎగువ అంటే ఇంకో గనికి దిగువ. అక్కడి నీళ్లు అప్పటికే పాడై ఉంటే "ఎగువకూ దిగువకూ తేడా లేదు" అని రాయడం తేలిక. అలాంటప్పుడు గనుల్లేని పక్క వాగును పోలికకు తీసుకోవాలి.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. ఒక లెక్క చూద్దాం. ఇవి అర్థం కావడానికి మేం వేసుకున్న అంకెలు, ఏ వాగువీ కావు. వాన తగ్గిన రోజుల్లో వాగులో సెకనుకు 100 లీటర్ల నీళ్లు పారుతున్నాయి, వాటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలున్నాయి. గని సెకనుకు 50 లీటర్లు వదులుతోంది, వాటిలో లీటరుకు 1,500 మిల్లీగ్రాములున్నాయి. కలిశాక లీటరుకు 700 అవుతుంది. మే నెలలో వాగు 10 లీటర్లకు పడిపోతుంది, గని పంపు మాత్రం ఆగదు. అప్పుడు కలిసిన నీటిలో 1,300 అవుతుంది. గని నీళ్లు ఏమీ మారలేదు, వాగు మాత్రం దాదాపు గని నీళ్లే అయింది. ఈ లెక్కలో గని నుంచి వాగులోకి దిగే లవణాలు రోజుకు ఆరున్నర టన్నుల దాకా ఉంటాయి. అందుకే నమూనాతో పాటు పారకం కూడా కొలవాలి. పారకం లేని అంకె సగం అంకె.

ఎండాకాలం లవణాలు బయటపడితే, మట్టి, బొగ్గు పొడి తొలకరి వానల్లో బయటపడతాయి. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికల కోసం సాధారణంగా వానాకాలం కాని ఒక సీజన్ వివరాలు తీసుకుంటే చాలంటారు. అంటే ఓబీ గుట్ట కరిగే నెలలే ఆ లెక్కలోకి రావు. కాబట్టి మే, తొలకరి, ఆగస్టు లేదా సెప్టెంబరు, డిసెంబరు... ఏడాదిలో ఈ నాలుగు సార్లు పట్టాలని మేం అంటాం.

సీసా పట్టే పద్ధతి

తప్పుగా పట్టిన నమూనాను ఎంత మంచి ల్యాబూ బాగుచేయలేదు. లవణాలకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు. అదే నీటితో మూడుసార్లు తొలిచి, ఒడ్డున కాకుండా పారే చోట, మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి, పైపొర కింద నింపాలి. పీహెచ్, ఉష్ణోగ్రత, విద్యుద్వాహకత వాగు దగ్గరే కొలవాలి. జేబులో పట్టే మీటర్లు దొరుకుతాయి. కరిగిన ఆక్సిజన్‌ను కూడా అక్కడే కొలవాలి, లేదా మందు కలిపి నిలపాలి.

సీసం, కాడ్మియం లాంటి లోహాలకు వేరే సీసా కావాలి. అందులో ల్యాబ్ ఇచ్చిన నైట్రిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేయాలి, లేకపోతే లోహం సీసా గోడకే అంటుకుంటుంది. నూనె పరీక్షకు వెడల్పు మూతి గాజు సీసా తీసుకోవాలి, దాన్ని తొలవకూడదు. క్రిముల పరీక్షకు ల్యాబ్ శుద్ధి చేసి ఇచ్చిన సీసానే వాడాలి. బీఓడీ, క్రిముల సీసాలను మంచులో, చీకటిలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి.

వాగు అడుగు బురదను కూడా తీయాలి. పీహెచ్ మామూలుగా ఉన్న నీటిలో లోహాలు ఎక్కువసేపు కరిగి ఉండవు, మట్టితో పాటు అడుక్కి దిగుతాయి. పైన నీళ్లు తేటగా కనిపిస్తున్నా అడుగున నిల్వ పెరుగుతూ ఉండొచ్చు. వాన పారినప్పుడు అదే మళ్లీ పైకి లేస్తుంది.

ప్రతి సీసా మీద తేదీ, సమయం, చోటు, పట్టినవాళ్ల పేరు రాయాలి. ఫొటో తీయాలి. ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురితో సంతకాలు చేయించాలి. ఊరికి ఐదుగురు మహిళలకు కిట్‌తో నీటి పరీక్ష నేర్పాలని జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లో ఉంది. ఆ ఐదుగురిలో వాడ ఆడవాళ్లు ఉన్నారా అని గ్రామసభలో అడగాలి.

ఏ కొలతతో పోల్చాలి

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మన దగ్గర కనీసం మూడు కొలతలున్నాయి.

మొదటిది గని వదిలే నీటికి. కేంద్రం 2000 సెప్టెంబరులో బొగ్గు గనులకు పెట్టిన ప్రమాణాల ప్రకారం పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండొచ్చు. తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు, సీఓడీ 250, నూనె, గ్రీజు 10 దాటకూడదు. నైట్రేట్ రూపంలోని నైట్రోజన్ 10 దాటకూడదు. పక్షం పక్షం చూసే నివేదికల్లో ముఖ్యంగా కనిపించేవి పీహెచ్, తేలే మట్టి, సీఓడీ, నూనె. సల్ఫేట్, కఠినత్వం, మొత్తం కరిగిన లవణాలు, అంటే ఈ ప్రాంతపు గని నీటి అసలు గుర్తులు, ఆ వరుసలో లేవు.

రెండోది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాడకాన్ని బట్టి చేసిన ఐదు తరగతులు. 'ఏ' అంటే క్రిమిసంహారం చేసి తాగదగ్గ వనరు. 'బీ' స్నానానికి. 'సీ' శుద్ధి చేసి తాగడానికి. 'డీ' చేపలకు, జీవాలకు. 'ఈ' సాగుకు. స్నానపు నీటిలో పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా, బీఓడీ 3 దాటకుండా, కోలిఫాం క్రిములు 100 మిల్లీలీటర్లకు 500 మించకుండా ఉండాలి. చేపలకు ఆక్సిజన్ కనీసం 4 ఉండాలి, అమ్మోనియా 1.2 దాటకూడదు. సాగు నీటికి విద్యుద్వాహకత 2,250, బోరాన్ 2 మిల్లీగ్రాములు హద్దు.

మూడోది తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500. ఇందులో రెండేసి అంకెలుంటాయి. ఒకటి ఉండాల్సిన హద్దు, రెండోది వేరే నీళ్లు దొరకనప్పుడు సరిపెట్టుకునే హద్దు. కరిగిన లవణాలకు 500, 2,000. కఠినత్వానికి 200, 600. సల్ఫేట్‌కు 200, 400. ఫ్లోరైడ్‌కు 1, 1.5. నైట్రేట్ 45, సీసం 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001 దాటకూడదు, వీటికి సడలింపు లేదు. ఇవన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో.

ఇప్పుడు ఈ కొలతలను పక్కపక్కన పెట్టి చూడండి. పీహెచ్ 5.6, సల్ఫేట్ 900 ఉన్న నీళ్లు గని గొట్టం దగ్గర మొదటి కొలతకు పాస్. ఆ పీహెచ్‌తో స్నానపు తరగతికి ఫెయిల్. ఆ సల్ఫేట్‌తో తాగునీటి ప్రమాణానికి రెండింతలకు పైగా ఫెయిల్. "పరిమితుల్లోనే ఉంది" అన్న వాక్యంలో అబద్ధం లేదు. ఎవరి పరిమితి అన్న మాట ఒక్కటే లేదు. గని నీటిని చెరువులకు, పొలాలకు, ఊళ్లకు ఇచ్చి మేలు చేస్తున్నామని బొగ్గు కంపెనీలు చెప్పుకున్నప్పుడు కూడా అడగాల్సింది ఇదే: ఏ వాడకానికి, ఏ కొలతతో చూసి ఇస్తున్నారు?

నివేదిక చేతికొచ్చాక

ఐదు సంగతులు చూడాలి. ఒకటి, పరీక్షించిన అంశాల జాబితాలో సల్ఫేట్, కఠినత్వం, కరిగిన లవణాలు ఉన్నాయా. రెండు, లోహాల దగ్గర 'బీడీఎల్' అని రాసి ఉంటే, అంటే పరికరం కనిపెట్టగల మోతాదు కన్నా తక్కువ అని, ఆ మోతాదు ఎంతో అడగాలి. సీసం హద్దు 0.01 అయితే 0.05 దాకా కనిపెట్టలేని పరికరం ఇచ్చిన బీడీఎల్‌కు విలువ లేదు.

మూడు, అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా. కరిగిన లవణాలు సాధారణంగా విద్యుద్వాహకత అంకెలో 0.55 నుంచి 0.75 వంతు ఉంటాయి. విద్యుద్వాహకత 1,600 రాసి లవణాలు 400 అని రాస్తే ఏదో ఒకటి తప్పు. నాలుగు, సగటులు. మే నెల 1,300, సెప్టెంబరు 700 కలిపి సగటు 1,000 అంటే, గొడ్డు మే నెలలో తాగింది సగటును కాదు.

ఐదు, నీటి నాణ్యతా సూచిక. చాలా పరిశోధన పత్రాలు పది పదిహేను అంశాలను ఒకే అంకెగా మార్చి 'బాగుంది', 'పర్వాలేదు', 'పనికిరాదు' అంటాయి. ఊళ్లను పోల్చడానికి అది తేలికే. కానీ ఏ అంశాలు తీసుకున్నారు, దేనికెంత బరువిచ్చారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. సల్ఫేట్ వదిలేసిన సూచిక బొగ్గు వాగును మంచి వాగుగా చూపించగలదు. సూచిక కన్నా ముందు దాని వెనకున్న పట్టిక అడగాలి.

చట్టం ఎంతవరకు తోడొస్తుంది

1974 నీటి చట్టంలోని సెక్షన్ 21 ప్రకారం, యజమానికి నోటీసిచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి మండలి అధికారులు పట్టిందే కోర్టులో సాక్ష్యంగా నిలబడుతుంది. ఊరు పట్టిన నమూనాకు ఆ హోదా లేదు. కానీ మండలి ఎక్కడికి, ఎప్పుడు రావాలో చెప్పడానికి అది చాలు. "మే నెలలో, ఈ రేవు దగ్గర, సల్ఫేట్ కోసం" అని రాసిన ఫిర్యాదును పక్కన పడేయడం అంత తేలిక కాదు.

2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. అనుమతి వచ్చాక గని యాజమాన్యం జూన్ 1న, డిసెంబరు 1న ఆరునెలల నివేదికలివ్వాలి. అవి జనానికి అందుబాటులో ఉండాల్సిన పత్రాలు. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో మండలి ఇచ్చిన అనుమతి షరతులు, నమూనా పట్టిన చోట్ల మ్యాపు, ల్యాబు పట్టికలు అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ ఫీజూ లేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచి తెలంగాణకు వర్తిస్తుంది. వివాదానికి కారణం పుట్టిన 6 నెలల్లోపు, పరిహారం, పునరుద్ధరణ కోసమైతే 5 ఏళ్లలోపు వెళ్లాలి. అందుకే తేదీలు రాసిపెట్టుకోవడం ముఖ్యం. గనుల సొమ్ముతో నడిచే జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధుల్లో తాగునీరు, కాలుష్య నియంత్రణ అధిక ప్రాధాన్య పనులు. వాగు పరీక్షల ఖర్చును అక్కడి నుంచి అడగడంలో తప్పు లేదు.

స్వచ్ఛమైన నీరు, గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. తరచూ ఉటంకించే ఈ తీర్పు పుట్టింది బొగ్గు వాషరీ మడ్డి బొకారో నదిలో కలుస్తోందన్న కేసులోనే. హక్కును ప్రకటించిన కోర్టు ఆ పిటిషన్‌ను మాత్రం కొట్టేసింది. పిటిషనర్‌కు సొంత ప్రయోజనం ఉందని, కాలుష్య మండలి చర్యలు తీసుకుందని కారణాలు చూపింది. హక్కు ఉండటం ఒకటి, దాన్ని నిలబెట్టే పట్టిక చేతిలో ఉండటం ఇంకొకటి అని ఆ కేసు నేర్పుతుంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఒక మాట ఉంది. సెక్షన్ 3(1)లో, 2015 సవరణ తర్వాత ఎక్స్ క్లాజు. ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడే నీటి వనరును, మామూలుగా దేనికి వాడతారో దానికి తక్కువగా పనికొచ్చేలా పాడుచేయడం నేరం. ఈ క్లాజు గని కాలుష్యానికి నేరుగా సరిపోతుందని మేం అనడం లేదు. అందులోని కొలతను చూడమంటున్నాం. గొట్టం దగ్గరి అంకె కాదు, వాడేవాళ్ల వాడకమే అక్కడ కొలత. నీటి నాణ్యతను అంచనా వేయాల్సింది ఆ కొలతతోనే.

అడగాల్సినవి

కాబట్టి ప్రతి బొగ్గు మండలంలో మేం అడిగేవి ఇవి. వాడ రేవు, చెరువు తూము, చెలిమె నమూనా చోట్లుగా నమోదు కావాలి. గని నీటి పరీక్షల్లో సల్ఫేట్, కఠినత్వం, కరిగిన లవణాలు, పారకం తప్పనిసరి కావాలి. మే నెలలో, తొలకరిలో నమూనా పట్టాలి. ప్రతి నివేదికలో ఏ వాడకానికి, ఏ కొలతతో పోల్చారో రాయాలి. ఫలితాలను తెలుగులో గ్రామ పంచాయతీ బోర్డు మీద, ఎస్సీ కాలనీలో కూడా అతికించాలి. నమూనా పట్టేటప్పుడు వాగు వాడే ఆడవాళ్లు అక్కడ ఉండి సంతకం పెట్టాలి.

వీటిలో ఒక్కటి కూడా కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని కాదు. వచ్చే మే నెలలో నాలుగు చోట్ల నాలుగు సీసాలు పట్టి, తేదీ రాసి, ఆ కాగితాన్ని గ్రామసభ ముందు పెట్టడంతో మొదలుపెట్టవచ్చు.